అద్దాల లాడ్జి, చౌడు మిద్దె: పాలమూరు దిక్కున రెండు రోజులు

వనపర్తిలో కొన్న రెండు వందల గజాల పడమటి ముఖం జాగాలో ఇల్లు కట్టుకోవాలని నిశ్చయించుకున్నాక, మా బామ్మర్ది పనిచేసే ఆర్కిటెక్టుల కార్యాలయాన్నే ఆశ్రయించాము. ముందు భాగమంతా నల్లద్దం ఉండాలని నేను ఫోనులో ఫొటోలు చూపిస్తే అతడు కాదనలేదు, ఔననలేదు. గీత గీయడానికి ముందు ఆ ప్రాంతంలో పాతవాళ్లు ఎండనూ వాననూ ఎట్లా తట్టుకున్నారో చూడాలని, ఇంట్లో ఉండబోయేవాళ్లు ఏ పూట ఎక్కడ కూర్చుంటారో కనుక్కోవాలని, తమ కార్యాలయంలో అది నియమమని చెప్పి, ఏప్రిల్ మూడో వారంలో నన్ను, నా భార్యను, మా అమ్మను వెంటబెట్టుకొని బయల్దేరాడు. కారు డీజిలుకు మొత్తం 4,150 రూపాయలైంది. జడ్చర్ల మీదుగా సాగిన తొలినాటి ప్రయాణంలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

చెప్పుకోవలసింది ఆ రాత్రి బస గురించే. జాతీయ రహదారి పక్కన కొత్తగా కట్టిన లాడ్జి అది, పేరు రాయను. ఏసీ గది 1,900, రెండు గదులకు 3,800 రూపాయలు ముందే కట్టించుకున్నారు. మా గది పడమటి గోడ పైనుంచి కిందిదాకా అద్దమే. రాత్రి ఎనిమిదింటికి దాని మీద చెయ్యి పెడితే, పొయ్యి మీదినుంచి అప్పుడే దించిన పెనంలా కాలింది. ఏసీ రొద పెడుతున్నదే గాని గది చల్లబడలేదు. తొమ్మిదీ నలభైకి కరెంటు పోయింది. జనరేటరు లిఫ్టుకూ కింది కౌంటరుకూ మాత్రమేనట. కిటికీ తెరుద్దామంటే రెక్క లేదు. "అది ఎలివేషన్ కోసం పెట్టిందండీ, తెరుచుకోదు" అన్నాడు కౌంటరు కుర్రాడు, తప్పు మాదే అన్నట్టు. కరెంటు పదకొండూ ఇరవైకి గాని రాలేదు. అందాకా అమ్మ మెట్ల మలుపులో ఉన్న జానెడు కిటికీ కింద దుప్పటి పరుచుకొని కూర్చుంది. నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. బామ్మర్ది మాత్రం నెమ్మదిగా, "బావా, నీ ఫొటోలో ఉన్నది ఇదే" అన్నాడు. పొద్దున గంటసేపు వాదిస్తే మూడు వందలు తగ్గించారు. ఆ దారిన పోయేవాళ్లు గది తీసుకునేముందు కిటికీ తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలని నా సలహా.

ఏడున్నరకల్లా ఆలంపురం చేరాము. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని ఏలుబడిలో, అంటే 681-696 మధ్య కట్టింది. శిల్పాలు చూడమంటాడేమో అనుకున్నాను గాని, బామ్మర్ది మమ్మల్ని గర్భగుడి చుట్టూ తిరిగే చీకటి దారిలో గోడకున్న రాతి జాలీ దగ్గర నిలబెట్టాడు. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. లోపల జాలీ కంతల్లోంచి వచ్చిన వెలుగు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నది, గాలి సన్నగా ముఖానికి తగులుతున్నది. రాత్రి నిద్రలేని అమ్మ అక్కడే గోడకు ఆనుకొని కాసేపు కళ్లు మూసుకున్నది.

తర్వాత కూడవెల్లి సంగమేశ్వరాలయానికి వెళ్లాము. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. పని శ్రద్ధగానే చేశారు. అయినా అమ్మ నాలుగు దిక్కులూ చూసి, "సంగమేశ్వరుడంటిరి, సంగమమేది?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. చోటు మారితే కట్టడానికి ఏం పోతుందో అంత సూటిగా బామ్మర్ది కూడా చెప్పలేకపోయాడు.

ఉదయం తిన్న ఉగ్గాని, బజ్జీ మాత్రం మరువలేను. ప్లేటు 40 రూపాయలు. బొరుగులు మెత్తబడీ మెత్తబడనట్టుండి, పైన పుట్నాల పొడి. నా భార్య రెండో ప్లేటు తెప్పించుకొని, లాడ్జి తర్వాత మొదటిసారిగా నవ్వింది.

రెండో రాత్రి గద్వాల దగ్గర పల్లెలో చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాము. అది పాత మట్టి మిద్దె: మూరన్నర మందం గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద చెక్కలు, ఆపైన మట్టి, నీరు ఇంకకుండా చౌడు మన్ను. వంటింటి కప్పులో పొగ పోవడానికి ఒక కంత, వాన వస్తే దాని మీద బోర్లించడానికి పక్కనే ఒక కుండ. కరెంటు అక్కడా పోయింది, ఎవరూ లేవలేదు. తెల్లారి నేను మురిసిపోయి పొగుడుతుంటే చిన్నమ్మ అడ్డుకున్నది: "నీకేంది బిడ్డా, ఒక్క రాత్రి పండి పోతవు. ఏటా మిరుగు (మృగశిర కార్తె) రాకముందే మిద్దెకు మన్ను ఎక్కిచ్చేది ఎవరు? చెదలు దులిపేది ఎవరు? నాకు స్లాబు కావాలె, ఇంట్లనే బాత్రూం కావాలె."

నేను నొచ్చుకున్నాను గాని బామ్మర్ది ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాడు. వాళ్ల కార్యాలయం గోడ మీద ఆర్కిటెక్టు లారీ బేకర్ ఫొటో ఉంటుంది. ఇంగ్లండులో 1917లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆ పెద్దమనిషి, ఇంటి సామాను ఐదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీ మాటను పట్టుకున్నవాడు. ఇటుకను అంచు మీద నిలబెట్టి గోడ మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడిని ఆయన బాగా వాడుకలోకి తెచ్చాడు. ఇటుక నాలుగో వంతు మిగులుతుంది, వేడీ లోపలికి తొందరగా దిగదు. చిన్నమ్మ స్లాబు కింద ఆ గోడ కట్టవచ్చునని బామ్మర్ది లెక్క.

బయల్దేరేముందు అతడు తూర్పు వైపు అరుగును టేపుతో కొలిచాడు, పద్దెనిమిది అంగుళాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎవరి సాయమూ లేకుండా కూర్చొని లేవగలిగిన ఎత్తు. మా జాగా పడమటి ముఖం గనుక అరుగు ఇంటి వెనుక వేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "బజారు కనపడని అరుగు అరుగెట్లయితది?" ముందు వైపే అరుగు వేసి, దానికి ఎదురుగా ఇటుక జాలీ కట్టి సాయంత్రపు ఎండను ఆపుదామని అతడు అక్కడికక్కడే గీసి చూపించాడు. అట్లా చేస్తే కారు ఎక్కడ పెట్టాలని నా భార్య అడిగింది. గద్వాల నుంచి హైదరాబాదు దాకా అదే చర్చ; ఇంకా తేలలేదు.