గచ్చు మీద టైల్స్: సిమెంట్ మాలా, అడెసివ్వా?

మా వెనక గదిలో పాత సిమెంట్ గచ్చు. పదికి పది గది, టైల్స్ మనమే వేసుకుందాం అనుకున్నాం. అసలు తేల్చుకోవాల్సింది ఒకటే: ఇసుక సిమెంటు మాలు పోసి పరచాలా, సంచుల్లో దొరికే అడెసివ్‌తో అతికించాలా?

మేస్త్రీలను అడిగితే చాలామంది మాలే అంటారు. గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నా అంగుళంన్నర మాలులో అంతా సర్దుకుపోతుంది. ఇది చిన్న లాభం కాదు. కానీ మా గదికి అంత మందం మాలు అంటే ఏడు వందల కిలోల పైమాటే. అదంతా కలపాలి, మొయ్యాలి. మేడ మీద గదైతే ఆ బరువంతా స్లాబు మీదే. టైలుతో కలిపి నేల దాదాపు రెండంగుళాలు లేస్తుంది, తలుపు కింద కోయించక తప్పదు. పైగా టైలు పరిచి చూసి, తీసి, సిమెంటు పాలు పోసి, మళ్లీ పెట్టి రబ్బరు సుత్తితో తట్టి రసమట్టం చూడాలి. ఏ మూల ఎంత తట్టాలో మేస్త్రీ చేతికి తెలుస్తుంది, మన చేతికి తెలియదు.

అడెసివ్ అయితే మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు చాలు. మా గదికి 20 కిలోల సంచులు మూడు పట్టాయి. కిలో లెక్కన ఖరీదే. అయితే విట్రిఫైడ్ టైలు నీరు పీల్చేది 0.5 శాతం లోపే కాబట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. కొన్నేళ్లకు టైలు తడితే డొల్ల మోత వినిపించడానికి ఇదొక కారణం. అడెసివ్‌లోని పాలిమర్ ఆ పట్టు ఇస్తుంది. కొనేటప్పుడు సంచి మీద ఐఎస్ 15477 (టైల్ అడెసివ్‌లకు ఉన్న భారత ప్రమాణం) ఉందో లేదో చూడండి.

దీనికున్న పెద్ద లోపం, పల్లాలను పూడ్చదు. మా గుమ్మం దగ్గర కాస్త లోతుంటే, ఇంకొంచెం ఎక్కువ పూస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఆరాక ఆ టైలు ఒక అంచున కిందికి దిగింది. ఇప్పటికీ కాలి బొటనవేలు అక్కడే తగులుతుంది. పొడవాటి అల్యూమినియం పట్టీ నేల మీద ఆనించి, సందు మూడు మిల్లీమీటర్లు దాటిన చోటల్లా ముందే సిమెంటుతో సరిచేసి ఆరనివ్వాల్సింది. రెడ్ ఆక్సైడ్ లాంటి నున్నటి గచ్చయితే గాట్లు కూడా పెట్టాలి. కొత్త కాంక్రీటైతే 28 రోజులు ఆగాలి.

అడెసివ్ ఒకేసారి ఎక్కువ కలపొద్దు. నేల మీద పూసింది ఇరవై నిమిషాల్లో పైన పొర కడుతుంది, ఇక అంటదు. పళ్ల తాపీతో గీతలు తీసి టైలు నొక్కాక, మొదటిదాన్ని ఒకసారి ఎత్తి వెనక అంతటా అంటిందో లేదో చూసుకోండి.

కాబట్టి గచ్చు దాదాపు సమంగా ఉండి, చేసేది మీరే అయితే అడెసివ్. మరీ ఎగుడుదిగుడుగా ఉంటే మాలు, దాంతోపాటు మేస్త్రీ. బాత్రూం మాత్రం నేను ముట్టుకోలేదు. నీళ్లన్నీ జాలీ వైపు పోయేలా నాలుగు వైపుల నుంచీ వాలు తీయడం నా వల్ల అయ్యే పని కాదు.