లెంపలేసుకోవడమా, రొమ్ము తట్టుకోవడమా: ఏది మేలు?

ఏడో తరగతి దాకా మిషన్ స్కూల్లో చదివాను. పొద్దున్నే ఇంట్లో వినాయకుడి ముందు గుంజీళ్లు తీసి వెళ్తే, అక్కడ ప్రార్థనలో అందరూ సిలువ గుర్తు వేసుకునేవారు. నుదురు, రొమ్ము, ఎడమ భుజం, చివరికి కుడి భుజం. నేనేమో కుడి భుజమే ముందు తాకేవాణ్ణి, మనకు ఏదైనా కుడితోనే కదా మొదలు. పక్కన కూర్చునే ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుర్రాడు పడీపడీ నవ్వేవాడు. గ్రీసు, రష్యాల్లోని ఆర్థొడాక్స్ క్రైస్తవులు నాలాగే కుడి నుంచి ఎడమకు వేసుకుంటారని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడే తెలిసుంటే వాడి నోరు మూయించేవాణ్ణి.

వాడితో స్నేహం ఇప్పటికీ ఉంది, దేవుడి ముందు మన చేతల తీరు మేలా, వాళ్లది మేలా అన్న వాదనా ఉంది. నా లెక్కలో ఏది మేలన్నది పనినిబట్టి మారుతుంది.

తప్పు ఒప్పుకోవడానికైతే నా ఓటు లెంపలకే. కేథలిక్ పూజ మొదట్లో పాపం ఒప్పుకుంటూ పిడికిలితో రొమ్ము తట్టుకుంటారు. లాటిన్‌లో ‘మెయా కుల్పా’ (నా తప్పే) అని మూడుసార్లు అనే చోటు అది. మూడోసారికి వచ్చేసరికి చాలామంది చెయ్యి చొక్కా మీద దుమ్ము దులుపుతున్నట్టే ఉంటుంది. లెంప అలా కాదు, ఎంత మెల్లగా వేసుకున్నా చురుక్కుమంటుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ ఫాదర్ కూడా జనంతోపాటే రొమ్ము తట్టుకుంటారు. మన గుళ్లో పూజారి మన తరఫున క్షమాపణ శ్లోకం చదువుతారు గానీ, మనతో కలిసి లెంపలేసుకోగా నేనైతే చూడలేదు.

దేవుడికి దండం పెట్టే దగ్గర మాత్రం నేను అటువైపు. కేథలిక్కులు సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) ఉంచే పెట్టె ముందు కుడి మోకాలు నేలకు ఆనించి లేస్తారు. పాత మర్యాద ప్రకారం రాజుకైతే ఎడమ మోకాలే, కుడిది దేవుడి కోసం దాచిపెట్టినట్టు. మన నమస్కారం ఎమ్మెల్యేకీ అదే, వెంకన్నకీ అదే. చిత్రమేమంటే, ఆ మోకాలికి బదులు అంజలి ఘటించవచ్చని మన దేశపు కేథలిక్ బిషప్పులు అడిగితే 1969 ఏప్రిల్‌లో రోమ్ సరేనంది. చెప్పులు విప్పి నేల మీద కూర్చోవడం, పంచాంగ ప్రణామం (మోకాళ్లు, చేతులు, నుదురు నేలకు ఆనించే దండం), కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, హారతి, ఇవన్నీ అప్పుడు రోమ్ ఒప్పుకున్న పన్నెండు అంశాల్లోవే. మోకాళ్ల నొప్పులున్న మా వాడి అమ్మగారికి మాత్రం అంజలే హాయి. అసలు ఆదివారాల్లో మోకరిల్లవద్దు, నిలబడే ప్రార్థించండి అని 325లో నికేయాలో జరిగిన బిషప్పుల మహాసభ చెప్పిందంటే ఆవిడ నమ్మలేదు.

వేళ్ల ముద్రల సంగతికొస్తే, గాయత్రికి ముందు పట్టే ముద్రలు ఇరవైనాలుగు: సుముఖం, సంపుటం, వితతం, విస్తృతం... మా తాతయ్య వేళ్లు నీళ్లలా కదిలేవి. నాకు నాలుగో దాని దగ్గరే వేళ్లు ముడిపడేవి. సిలువ గుర్తు మూడేళ్ల పిల్లకీ వస్తుంది. ఇక్కడ పోటీయే లేదు.

సాష్టాంగం దగ్గర తీర్పు చెప్పడం కష్టం. రొమ్ము, తల, చూపు, మనసు, మాట, పాదాలు, చేతులు, చెవులు అని శ్లోకం లెక్క. మనసునీ మాటనీ కూడా అంగాల్లో కలపడం నాకు భలే ఇష్టం. మగవాడైతే ఏ రోజైనా, ఏ ధ్వజస్తంభం ముందైనా బోర్లా పడుకోవచ్చు. ఆడవాళ్లకు మాత్రం పంచాంగ ప్రణామమే అంటారు. కేథలిక్కుల్లో ఇది అరుదు. గుడ్ ఫ్రైడే నాడు ఎర్రటి వస్త్రాల్లో వచ్చిన ఫాదర్ ఒక్క మాటా లేకుండా నేల మీద బోర్లా పడుకుంటాడు. గురుపట్టం పుచ్చుకుని ఫాదర్లయ్యేవాళ్లూ అంతే. చాలా మఠాల్లో సిస్టర్లు కూడా జీవితాంతపు వ్రతం పట్టే నాడు అలాగే పడుకుంటారు. ఆడవాళ్లకు ఆ నేల దక్కిందన్న ఒక్క కారణానికి అటే మొగ్గుతాను.

ఇక మా ఇద్దరికీ ఎప్పుడూ తెగనిది, చెయ్యి పట్టే తీరు. తీర్థానికి కుడి అరచేయి గుంట చేసి, కింద ఎడమ చేయి ఆనిస్తాం. తాగాక ఆ తడి చెయ్యి తలకు రాసుకునేవాళ్లు రాసుకుంటారు. సత్ప్రసాదం చేతిలో తీసుకునేవాళ్లు సాధారణంగా ఎడమ అరచేయి పైన పెడతారు, కుడి చేత్తో తీసి నోట్లో వేసుకోవడానికి వీలుగా. పైన ఎడమ చెయ్యేమిట్రా అని నా ఏడుపు. నాలుగో శతాబ్దంలో జెరూసలేం బిషప్ సిరిల్ చెప్పింది కూడా నా పద్ధతే: ఎడమ చేతిని కుడి చేతికి సింహాసనంలా కింద పెట్టి అందుకోండి, బంగారు రజను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకోండి అని. మొన్న ఈ ముక్క చెబితే మా వాడు కాసేపు రెండు చేతులూ అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు.

“మరి నోట్లో ఏ చేత్తో వేసుకోమంటావు?”

“తీర్థం తాగినట్టే” అన్నాను.