టీ1, నయాగరా, జే: అమెరికా ఆఖరి ఆవిరి ఇంజన్లలో ఏది మేలు?

వేగం ఒక్కటే చూస్తే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ టీ1 మొనగాడే. 80 అంగుళాల చక్రాలు, చదరపు అంగుళానికి 300 పౌండ్ల ఒత్తిడి (పీఎస్ఐ) ఉన్న బాయిలర్. చిక్కంతా నాలుగు సిలిండర్ల దగ్గరే. రెండేసి సిలిండర్లు ఒక్కో జట్టు చొప్పున నడిపే చక్రాలు రెండు జట్లు, ఆ జట్లని కలిపే రాడ్ లేదు. సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ కాస్త గట్టిగా లాగితే చాలు, ఒక జట్టు పట్టు తప్పి గిర్రున తిరిగేస్తుంది. పైగా సిలిండర్లలోకి ఆవిరిని పంపి, బయటికి వదిలే పాపెట్ వాల్వుల గేరు అందని చోట ఇరికించారు, మరమ్మతుకి చెయ్యి దూరదు.

న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్ నయాగరా రెండే సిలిండర్లతో, ఈ తలనొప్పులేవీ లేకుండా 6,000 హార్స్‌పవర్ దాటింది. ఒక్కటీ మిగల్చకుండా తుక్కు చేశారు, ఘోరం.

నా ఓటు మాత్రం నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వాళ్ల జే ఇంజనుకే. చక్రాలు 70 అంగుళాలే అయినా లాగుడు శక్తి 80,000 పౌండ్లు. ఇరుసులకీ రాడ్లకీ రాపిడి తగ్గించే రోలర్ బేరింగులు. కొండదారిలో బరువైన పాసింజర్ బళ్లకి ఇంతకంటే నమ్మకమైన ఇంజను లేదు.