దుర్యోధనుడు, శకుని, కీచకుడు: ఎవరి మీద ఎక్కువ కడుపు మండుతుంది?

కర్నూల్లో చదువుకుంటున్న మా మేనల్లుడు షార్ట్ ఫిల్మ్ కోసం కథ ఒకటి రాసి నాకు పంపాడు. చదివానో లేదో ఫోన్ చేసి, "మామా, విలన్ ఎట్లున్నాడు? జనం వాణ్ని తిట్టుకోవాల" అన్నాడు. వాడి విలన్ మొదటి సీన్లోనే నాలుగు సుమోలేసుకుని దిగుతాడు, కొండారెడ్డి బురుజు ముందర పట్టపగలు ఇద్దర్ని నరికేస్తాడు, మీసం తిప్పుకుంటూ వెళ్లిపోతాడు. నాకు మాత్రం వాడి మీద ఇంత కూడా కోపం రాలేదు. రెండు ప్రాణాలు తీసినవాడి మీద కోపం ఎందుకు రాలేదా అని రెండు రోజులు అదే ఆలోచన.

భారతంలోంచి ముగ్గుర్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు విషయం తేలికగా అర్థమైంది.

దుర్యోధనుడి సంగతి ముందు చూద్దాం. పాపాల లెక్క తీస్తే ముగ్గురిలో ఇతనిదే పెద్దది. అయినా మనం ఇతన్ని అసహ్యించుకుంటామా? 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేశారు, కర్ణుడి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు లేచి మాట్లాడే ఆ పెద్ద డైలాగును మా కాలేజీ యానివర్సరీలో ప్రతి ఏడూ ఎవడో ఒకడు చెప్పాల్సిందే, మేము ఈలలు వేయాల్సిందే. రోషం ఉంది, స్నేహితుడి కోసం సభకు ఎదురు నిలుస్తాడు, చావుకు భయపడడు. అట్లాంటివాడు ఎంత చెడ్డపని చేసినా మనకు లోపల ఎక్కడో నచ్చుతూనే ఉంటాడు. ఫ్యాక్షన్ సినిమాల విలన్లు చాలామంది ఈ కోవలోవాళ్లే. 1999లో సమరసింహారెడ్డి చూసినప్పుడు జయప్రకాశ్ రెడ్డి గారు తెర మీదికి వస్తే థియేటర్ గోలెత్తిపోయింది, కానీ ఆ గోలలో ద్వేషం లేదు. మన సిరివెళ్ల మనిషి, మన యాస ఆయన నోట్లో అంత సొంపుగా ఉంటే భయం కంటే ముందు మా పెదనాయన గుర్తొచ్చేవాడు. ఇక్కడ నాకొక బాధ కూడా ఉంది. ఆయన తర్వాత చాలామంది సీమ యాస పెడితే చాలు విలన్ తయారైపోతాడని అనుకున్నారు, మా అమ్మానాన్నలు ఇంట్లో ప్రేమగా మాట్లాడుకునే మాటలను బాంబుల పక్కన పెట్టేశారు. ఆ యాస విని కడపలోనో అనంతపురంలోనో ఎవడికి కోపమొస్తుంది?

శకుని దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఇంట్లో తిని ఇంటికే ఎసరు పెట్టేవాడు కాబట్టి ఇతని మీద మంట ఎక్కువ ఉండాలి. కానీ 1957 మాయాబజార్‌లో సీఎస్సార్ ఆంజనేయులు గారి శకునిని గుర్తు చేసుకోండి (ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి గారు మన తాడిపత్రిలో పుట్టినవారే). ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురు చూస్తాం. కుట్ర పన్నేవాడితో వచ్చే ఇబ్బందే అది, వాడి ఎత్తు మనకు ముందే తెలుస్తుంది కాబట్టి మనమూ వాడితోపాటు ఆ ఎత్తులో భాగమైపోతాం. దానికి తోడు మన ఊళ్లలో చెప్పుకునే ఒక కథ ఉంది. శకుని తండ్రినీ అన్నదమ్ముల్నీ చెరసాలలో పెట్టి తలా ఒక మెతుకు వేస్తే, అందరూ తమ మెతుకులు శకునికే పెట్టి చచ్చిపోయారని, ఆ తండ్రి ఎముకలతోనే పాచికలు చేసుకున్నాడని. వ్యాసభారతంలో ఇది లేదు, జనం కల్పించుకున్నదే. అయితే ఈ కథ విన్న తర్వాత శకునిని పూర్తిగా తిట్టడానికి నోరు రాదు. విలన్‌కు ఫ్లాష్‌బ్యాక్ పెట్టే రచయితలు ఇది గమనించాలి. చిన్నప్పుడు వాడు ఏడ్చిన సీన్ ఒక్కటి చూపించారంటే మన కోపంలో సగం అక్కడే చల్లారిపోతుంది. జనం జాలిపడాలంటే పెట్టండి, మండిపోవాలంటే మాత్రం వద్దు.

ఇక కీచకుడు. నా ఓటు ఇతనికే, దానికి మా జేజి (నాయనమ్మ) సాక్షి.

మాది ధర్మవరం వైపు పల్లె. విరాటపర్వం చదివించినా ఆడించినా వానొస్తుందని మా దిక్కు నమ్మకం, ఆ ఏడు చెనక్కాయ పైరు కళ్లముందే ఎండిపోతుంటే పెద్దమనుషులు చందాలేసి నిమ్మలకుంట వైపు నుంచి తోలుబొమ్మలాటవాళ్లను పిలిపించారు. నేను జేజి పక్కన కూర్చుని బొరుగులు తింటున్నా. రాణి సుదేష్ణ మద్యం తెమ్మని ద్రౌపదిని కావాలనే తమ్ముడు కీచకుడి ఇంటికి పంపింది, అతను చెయ్యి పట్టుకున్నాడు, ఆమె విడిపించుకుని రాజుగారి సభలోకి పరిగెత్తింది. వెనకే కీచకుడి బొమ్మ వచ్చింది. దీపం వెలుగులో దాని కాలు లేచింది, తెర వెనక ఆటవాళ్లు కాళ్లకింద చెక్కను టపీమని తన్నారు, ద్రౌపది బొమ్మ పక్కకు పడిపోయింది. జేజి చేతిలో బొరుగులు ఒడిలో పోసేసి, రెండు చేతులూ ముందుకు చాపి మెటికలు విరిచింది. "నీ కాలు పడిపోను" అంది. అంతవరకు అందరూ అన్నదే. ఆ తర్వాత విరాటరాజు బొమ్మ వైపు తిరిగి, "ఈ రాజుకేం పోయేకాలం, నోట్లో మన్ను పడిందా?" అని అంతకంటే గట్టిగా తిట్టింది.

కీచకుడు చేసింది ఒక్క తన్ను. రాజు కళ్లముందే తన్నాడు, రాజు మాట్లాడలేదు, ఎందుకంటే రాజ్యం బావమరిది భుజబలం మీదే నడుస్తోంది. ధర్మరాజు అక్కడే ఉండి కీచకుణ్ని ఏమీ అనలేదు, భీముడు చెట్టు వైపు చూసి పళ్లు కొరుక్కున్నాడు. పడినామెకు తిరిగి కొట్టే దారి లేదు, కొట్టినవాడికి తనను ఎవరూ ఏమీ చేయరన్న ధైర్యం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. ఈ మూడూ ఒకచోట కలిస్తే చాలు, విలన్ చేతిలో కత్తి అక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన సురభి నాటక సమాజం మొట్టమొదట వేసింది కూడా కీచకవధే, అంతమంది జనాన్ని కూర్చోబెట్టడానికి ఆ కథ తీసుకోవడంలో నాకైతే ఆశ్చర్యం లేదు. వందేళ్ల తర్వాత, 1985లో, ప్రతిఘటన సినిమాలో కాళి అనే రౌడీ ఒక లెక్చరర్ చీర నడివీధిలో లాగేసినప్పుడు మా అమ్మ తరం ఆడవాళ్లు అట్లాగే మండిపడ్డారు.

నక్షత్రకుణ్ని కూడా మర్చిపోకూడదు. హరిశ్చంద్ర నాటకంలో అతను ఎవర్నీ చంపడు, కొట్టడు, అప్పు కోసం వెంట నడుస్తాడు, అంతే. అయినా పంట పోయిన ఏడు అప్పులాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, ఏమీ అడగకుండా మంచినీళ్లు తెప్పించుకుని తాగిన ఇంట్లో పెరిగినవాళ్లకు, నక్షత్రకుడి పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మనం నిజంగా పడ్డ అవమానం తెర మీద కనిపిస్తే కోపం దానంతట అదే వస్తుంది. సుమోల్లో దిగి నరికేవాణ్ని నేనైతే ఇంతవరకు నిజంగా చూడలేదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడు కాసేపు అలిగాడు, సుమోల సీన్ అంటే వాడికి చాలా ఇష్టం. పోయిన వారం మళ్లీ రాసి పంపాడు. సుమోలు లేవు, బురుజు లేదు. రేషన్ క్యూలో ఒక ముసలవ్వ వేలిముద్ర మిషన్లో పడటం లేదు, డీలర్ ఆమె కార్డు తీసి బయటి బురదలోకి విసిరేసి, నవ్వుతూ "నెక్స్ట్" అంటాడు. అవ్వ వంగి కార్డు తీసుకుని కొంగుతో తుడుచుకుంటుంది. ఆమె వెనక నిలబడ్డవాడు ఒక అడుగు ముందుకు జరిగి, తన వేలు మిషన్ మీద పెడతాడు.

అక్కడికి వచ్చేసరికి నేను ఫోన్ పక్కన పెట్టేశాను, డీలర్ కంటే ఆ వెనకవాడి మీదే నాకు ముందు కోపం వచ్చింది.