చుక్కే కదా అనుకున్నా: నోటో శాన్స్ సమరిటన్ ఫాంటు వాడాక

గుంటూరులో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, పాటల పుస్తకాలు, సువార్త కరపత్రాలు, ఏదొస్తే అది. ఈ వేసవిలో ఒక పాస్టరు గారు బైబిల్లోని మంచి సమరయుడి ఉపమానం మీద నలభై పేజీల పుస్తకం తెచ్చారు. ముందుమాటలో ఒక వాక్యం మధ్యన, ఆదికాండంలోని మొదటి మూడు మాటలు సమరయుల లిపిలోనే ఉండాలన్నారు. "మాట మాటకీ ఒక చుక్క ఉంటుందమ్మా, అది పోకూడదు" అని రెండుసార్లు చెప్పి వెళ్లారు.

చుక్కే కదా, ఫుల్‌స్టాప్ కొడితే సరిపోతుంది అనుకున్నా. ముందు అక్షరాలకే దిక్కు లేదు, అన్నీ డబ్బాలే వచ్చాయి. నోటో శాన్స్ సమరిటన్ అనే సమరయ లిపి ఫాంటు దించుకున్నాను. గూగుల్ వాళ్ల నోటో కుటుంబంలోది, ఉచితం, పుస్తకంలో అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి.

అసలు తంటా చుక్క దగ్గర. ఈ లిపి కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మొదటి రెండు చుక్కలు మాటల మధ్య బుద్ధిగా కూర్చున్నాయి. మూడోది మాత్రం ఎడమ చివర ఉండాల్సింది ఎగిరి కుడివైపు వచ్చి, మొదటి మాట ముందు అతుక్కుంది. చెరిపి మళ్లీ కొట్టినా అంతే. ఫుల్‌స్టాప్‌కి సొంత దిశ లేదు. రెండు సమరయ అక్షరాల మధ్య ఉంటే వాటితో పోతుంది. పక్కన తెలుగు మొదలైతే తెలుగు వాక్యం దిశలోకి తిరిగిపోతుంది.

వెతికితే తెలిసింది, ఆ చుక్కకి వేరే పేరే ఉందని: నెకుదా. యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకీ కంప్యూటర్ కోసం నంబర్లిచ్చే పట్టికలో, దాని నంబరు 0830. సమరయ లిపిని 2009లో, 5.2 వెర్షన్‌లో చేర్చినప్పుడు దీనికీ కోడ్ ఇచ్చారు, కుడి నుంచి ఎడమకి అనే గుణం దానిలోనే పెట్టారు. వర్డ్‌లో 0830 కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కాను. మూడో చుక్క వెళ్లి ఎడమ చివర కూర్చుంది. చూడ్డానికి అదే చుక్క.

ఫాంటులో ఇలాంటి విరామ చిహ్నాలు మొత్తం పదిహేను ఉన్నాయి. ప్రశ్నకొకటి, కేకకొకటి, కోపానికి ఇంకొకటి. వెస్ట్ బ్యాంకులోని గెరిజీము కొండ మీదా ఇజ్రాయెల్‌లోని హోలోన్‌లోనూ కలిపి ఎనిమిది వందల మంది చిల్లర ఉన్న సమరయులకి ఇన్ని గుర్తులు! కోట్ల మందిమి ఉన్న మనం పద్యం చివర పెట్టే నిలువు గీతకి, అదే దండానికి, యూనికోడ్ తెలుగు వరుసలో సొంత కోడ్ లేదు, దేవనాగరి వరుసలోది వాడుకుంటున్నాం. అంటే నాకేం కడుపుమంట లేదు లెండి.

ఫాంటులో బోల్డ్ లేదు, ఒక్క మామూలు రకమే. నాకు అవసరం పడలేదు. అక్షరాలు శుభ్రంగా, పన్నెండు పాయింట్లలో కూడా చుక్క స్పష్టంగా కనిపించేలా ఉన్నాయి. మా పాత పేజ్ సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే ఇబ్బంది. దానికి కుడి నుంచి ఎడమ అంటే తెలీదు, అతికించగానే మాటలు తిరగబడ్డాయి. చివరికి ఆ ముక్కని వర్డ్ నుంచి పీడీఎఫ్ చేసి, కర్వ్స్‌లోకి మార్చి బొమ్మలా పెట్టాను. ఇంకోటి, నెకుదా తర్వాత స్పేస్ కొట్టండి. లేకపోతే మూడు మాటలూ ఒకే మాటలా బిగుసుకుని, లైను చివర విరగకుండా మొత్తంగా కిందికి దిగుతాయి. నేను ఒక సాయంత్రమంతా మార్జిన్లతో కుస్తీ పట్టాక తెలిసింది ఇది.

నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, టైప్ చేయడానికి కీబోర్డు వేరే వెతుక్కోవాలి. అక్షరం అక్షరానికీ కోడ్ కొడితే వేళ్లు పోతాయి.

ప్రూఫు చూడ్డానికి వచ్చిన పాస్టరు గారు జేబులోంచి భూతద్దం తీసి, కుడి నుంచి వేలు జరుపుతూ "ఒకటి, రెండు, మూడు" అని చుక్కలు లెక్కపెట్టుకున్నారు. తర్వాత తెలుగులో నా తప్పులు ఏడు పట్టుకున్నారు.