అట్లాంటా దగ్గర హాబిటాట్ ఇళ్ళ పని: ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ రివ్యూ

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి, వారమంతా సోఫాలో కూర్చుని, శనివారం గుడికీ ఆదివారం కాస్ట్‌కోకీ వెళ్ళొచ్చే నాబోటి పెద్దవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒంట్లో ఓపిక ఉండి, చేతులు ఊరుకోలేకపోతుంటే తక్కువ ఆదాయంవాళ్ళకి ఇళ్ళు కట్టించే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ కట్టే ఇళ్ళ దగ్గర వాలంటీరుగా చేరండి. నా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో కూడా చెప్తాను.

ముందు నా సంగతి. తూర్పు గోదావరి జిల్లాలో ఆర్ అండ్ బీలో, అంటే రోడ్లు భవనాల శాఖలో, వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. పునాది గోతులు కొలవడం, ఇటుక నానబెట్టారో లేదో చూడడం, స్లాబుకి నీళ్ళు పెట్టకపోతే మేస్త్రి మీద కేకలెయ్యడం, పని కొలతలెక్కించే ఎం.బుక్కు రాసేటప్పుడు అసిస్టెంట్ ఇంజనీరు గారికి టేపు పట్టడం. సర్వీసంతా ఇదే. గోడ నిటారుగా ఉందో లేదో చూసే రసమట్టం పెట్టించానే గానీ నా చేత్తో తాపీ పట్టింది లేదు. మా అమ్మాయి వాళ్ళుండేది అట్లాంటాకి ఉత్తరాన, ఆల్ఫరెటాలో. గ్రీన్ కార్డు మీద వచ్చాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ముందు తెలిసిన లాయరుని అడిగి అడుగెయ్యండి.

హాబిటాట్ పుట్టింది కూడా ఈ జార్జియాలోనే. 1976లో అమెరికస్ అనే చిన్న ఊళ్ళో మిలర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టారు. పక్కనే ప్లెయిన్స్ ఊరివాడైన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984లో వీళ్ళతో చేరి, ముసలితనంలో కూడా సుత్తి వదల్లేదు. 2006లో మన దేశం వచ్చి లోనావాలా దగ్గర ఇళ్ళు కట్టిన బృందంలో ఆయన ఉన్నాడు. 2019లో తొంభై అయిదేళ్ళ వయసులో ఇంట్లో పడి నుదుటికి కుట్లు పడితే, కమిలిన కంటితోనే నాష్‌విల్‌లో పనికి హాజరయ్యాడు. నేను మోకాళ్ళ నొప్పులని సణిగినప్పుడల్లా మా అమ్మాయి ఆ ఫోటో తీసి చూపిస్తుంది.

మనవాళ్ళలో చాలామంది ఈ ఇళ్ళు ఊరికే ఇచ్చేస్తారనుకుంటారు. నేనూ మన ఇందిరమ్మ ఇళ్ళలాంటి పథకమేనేమో అనుకున్నాను. కాదు. ఇల్లు తీసుకునేవాళ్ళు అప్పు మీద కొనుక్కుంటారు, ఆదాయానికి తగ్గ వాయిదాలు కడతారు. అదిగాక తమ ఇంటి దగ్గరా, వేరేవాళ్ళ ఇళ్ళ దగ్గరా వందల గంటలు ఒళ్ళొంచి పనిచెయ్యాలి. మేం కట్టిన ఇల్లు కొనుక్కుంటున్నావిడ వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేస్తుంది. డ్యూటీ దిగి, కాఫీ కప్పుతో నేరుగా సైటుకొచ్చి మాతో సమానంగా బల్లలు మోసేది. తన వంటింటి కిటికీ ఎక్కడొస్తుందో నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. అక్కడ అప్పటికి నేల మీద పోసిన ఉత్త కాంక్రీటు స్లాబే ఉంది.

ఇక పని. పొద్దున పేరు రాయించుకోగానే హెల్మెట్, కళ్ళద్దాలు ఇస్తారు. సైటు సూపర్‌వైజరు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్తాడు. నిచ్చెన ఎలా ఆనించాలి, మేకున్న చెక్క నేల మీద ఎందుకు పారెయ్యకూడదు, ఇలాంటివి. మన సైట్లలో హవాయి చెప్పులతో సెంట్రింగ్ ఎక్కే కుర్రాళ్ళని చూసిన నాకు మొదట్లో ఇదంతా అతి అనిపించింది. వారం తిరక్కుండానే ఎవరైనా కళ్ళద్దాలు తీస్తే నేనే గదమాయించడం మొదలుపెట్టాను. పాత అలవాటు!

కర్ర ఇల్లంటే నాకు గురి లేదు. ఇటుక, సిమెంటు, ఇనుము లేనిది ఇల్లేమిటని మా అల్లుడితో వాదించేవాణ్ణి. ఇప్పటికీ పూర్తిగా గురి కుదరలేదు గానీ, ఒక గోడ లేవడం దగ్గరుండి చూశాక నోరు కాస్త అదుపులో పెట్టుకున్నాను. ఆ గోడ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ వాలంటీరు పని గొప్పతనమంతా అందులోనే ఉంది.

స్లాబు పోసేటప్పుడే అంచుల్లో బోల్టులు నిలబెట్టి ఉంచుతారు. వాటి మీద కూర్చునేది గోడకి అడుగున అడ్డంగా వచ్చే బద్ద. అది మందు పట్టించిన కర్ర, చెదలు పట్టకుండా. దీని మీద, గోడ పైన వచ్చే పైబద్ద మీద ఒకేసారి కొలతలు గుర్తు పెట్టాలి. నిలువు కర్రలు పదహారు అంగుళాలకొకటి. టేపు మీద ప్రతి పదహారో అంగుళం ఎర్రగా అచ్చేసి ఉంటుంది, వేలితో లెక్కపెట్టే పని లేదు. గీత గీసి పక్కన ఇంటూ గుర్తు పెడతాం. కర్ర ఆ ఇంటూ మీద కూర్చోవాలి, గీతకి ఇవతల కాదు. మొదటి గుర్తు మాత్రం ముప్పావు అంగుళం వెనక్కి జరుపుతారు. ఎందుకని అడిగితే సూపర్‌వైజరు మాట్లాడకుండా ఒక చెక్క షీటు తెచ్చి గోడ మీద పరిచాడు. షీటు నాలుగడుగుల వెడల్పు, అంటే పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. అంచు సరిగ్గా నిలువు కర్ర మధ్యలో ఆగింది. పక్క షీటుకి మిగతా సగం ఉంది. ఇంజనీరింగు చదివినవాళ్ళు కూడా మెచ్చుకోవలసిన లెక్క ఇది.

ఎత్తు లెక్క ఇంకా బావుంది. టూ బై ఫోర్, అంటే పేరుకి రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పున్న కర్రని, నా టేపుతో కొలిస్తే నిజంగా ఉన్నది ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. మన కాంట్రాక్టరు ఇలా ఇస్తే బిల్లు ఆపేసేవాణ్ణి. కానీ చిత్రిక పట్టాక మిగిలే కొలత అదేనని ఇక్కడ అందరికీ తెలుసు, దాన్ని బట్టే లెక్కలన్నీ. నిలువు కర్రలు మిల్లు నుంచే 92 అంగుళాల 5/8కి కోసి వస్తాయి. కింద ఒక బద్ద, పైన రెండు బద్దలు కలిపి నాలుగున్నర అంగుళాలు. మొత్తం ఎనిమిదడుగుల మీద అంగుళం చిల్లర. ఆ చిల్లర సీలింగుకి కొట్టే బోర్డు మందానికీ, గోడ బోర్డు కింద వదిలే సందుకీ సరిపోతుంది. కొలతలన్నీ ముందే తేల్చి పెట్టారు కాబట్టి సుత్తి ఎటు పట్టుకోవాలో తెలియని కాలేజీ పిల్ల కూడా తిన్నటి గోడ కట్టగలుగుతోంది.

గోడని నేల మీదే పడుకోబెట్టి మేకులు కొట్టి, పదిమందిమీ ఒక్క ఊపున లేపి నిలబెడతాం. పక్కనుంచి ఏటవాలు కర్రలు ఆనించేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. అప్పుడు రసమట్టం పెట్టే పని నాకిచ్చారు. ఇంకెవరికిస్తారు!

ఒప్పుకోలేనివి కొన్ని ఉన్నాయి. తలుపు మీద అడ్డంగా వేసే లింటెల్‌ని మనం అటూ ఇటూ ఆరేసి అంగుళాలు గోడ మీద ఆన్చుతాం. ఇక్కడ ఆన్చేది కింద నిలబెట్టిన ఒక్క కర్ర మందం మేరే, ఒకటిన్నర అంగుళం. కర్ర బరువు తక్కువ కాబట్టి సరిపోతుందని సూపర్‌వైజరు అంటాడు. లెక్క ప్రకారం అతనిదే కరెక్టు, నా మనసు మాత్రం ఒప్పుకోదు. పైకప్పు దూలాలు గోడ మీద ఊరికే కూర్చోకుండా ఇనప పట్టీలతో కట్టెయ్యడం చూశాక గాలివానల గురించి మాత్రం కాస్త కుదుటపడ్డాను.

మనుషులు బావుంటారు. వారం మధ్యలో వచ్చేది ఎక్కువగా రిటైరైనవాళ్ళే. విమానాల మెకానిక్కుగా చేసినాయన, లెక్కల టీచరమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు. అందరూ ఒకరినొకరు పేరు పెట్టే పిలుస్తారు. మనవడి వయసున్న కుర్రాడు నన్ను పేరుతో కేకేసి మేకుల డబ్బా తెమ్మంటే, గారూ సారూ అలవాటైన ప్రాణం మొదట్లో చివుక్కుమంది. తర్వాత పరుగెత్తుకెళ్ళి తెచ్చిచ్చాను. సర్వీసులో ఎవరికీ ఏదీ మోసి తెచ్చివ్వని నాకు అదొక సరదాగా ఉంది.

ఇప్పుడు కోసిన అర మార్కు సంగతి. వైరింగు, ప్లంబింగు, ఏసీ పనులు లైసెన్సు ఉన్నవాళ్ళే చెయ్యాలి, మనకి ఇవ్వరు. న్యాయమే గానీ, అన్నీ నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నిరాశే. కారు లేకపోతే సైటుకి చేరలేం. నన్ను దింపడానికి మా అల్లుడు నిద్ర మానుకోవలసి వస్తోంది. ఇంకోటి, కంపెనీ బృందాలు. ఒకసారి ఒకే రంగు టీ షర్టులతో పాతికమంది దిగారు. సుత్తి పట్టుకుని ఫోటోలు, సెల్ఫీలు అయ్యేసరికి పూట గడిచిపోయింది. వాళ్ళు వెళ్ళాక చూస్తే షీట్ల నిండా వంకర మేకులు. టీచరమ్మా నేనూ గడ్డపలుగులాంటి చిన్న ఇనప కడ్డీలతో సాయంత్రం దాకా పీకుతూనే ఉన్నాం. అలాంటి బృందం వచ్చే రోజున మీరు వెళ్ళకండి.

భోజనం ఎవరో ఒకరు తెచ్చిపెడతారు, ఎక్కువసార్లు చర్చివాళ్ళు. చికెన్ శాండ్‌విచ్చులే ఎక్కువ. శాకాహారులు పెరుగన్నం, ఆవకాయ డబ్బాలో పట్టుకెళ్ళడం మేలు. టీ దొరకదు, ఫ్లాస్కు తప్పనిసరి. మా అమ్మాయి చెప్తున్నా వినకుండా ఒక చవక దుకాణంలో కొన్న బూట్లు నెల తిరక్కుండా అడుగూడిపోయాయి. ఆ డబ్బా బూట్ల జోలికి పోకుండా మందపాటి అడుగున్న పని బూట్లే కొనండి. చేతి తొడుగులు మీవి మీరు తెచ్చుకోండి, సైట్లో ఉన్నవన్నీ ఒకే సైజు, అదీ పెద్ద సైజే. పదహారేళ్ళు నిండని మనవల్ని మా సైట్లోకి రానివ్వరు. కప్పు ఎక్కాలన్నా, కరెంటు రంపం పట్టాలన్నా పద్దెనిమిది నిండాలి.

సైటులో ఎండకి ఆగలేనివాళ్ళకి వీళ్ళదే రీస్టోర్ అనే దుకాణం ఉంది. జనం ఇచ్చేసిన తలుపులు, సింకులు, వంటింటి అల్మరాలు అక్కడ అమ్మి, ఆ డబ్బు ఇళ్ళకి వాడతారు. సామాను సర్దడానికి, ధర చీటీలు అంటించడానికి అక్కడా మనుషులు కావాలి. నీడపట్టు పని, నడుం వంచక్కర్లేదు.

స్లాట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. శనివారాలు ముందే నిండిపోతాయి, బుధ గురువారాలు చూడండి. రిటైరైనవాళ్ళకి ఏ వారమైతేనేం.