వెబ్‌సైట్ చేయించుకుంటున్నారా? డొమైన్ ఎవరి పేరున ఉందో ముందు చూడండి

కిందటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, ఒకే చీరను ముగ్గురికి అమ్మాను. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, కొంగులో ఏనుగుల వరుస ఉన్న పోచంపల్లి పట్టు అది. పొద్దున పదకొండు గంటలకు దుకాణానికి వచ్చిన ఒకావిడ బేరమాడి తీసుకువెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోంచేస్తుండగా అదే చీరకు మా వెబ్‌సైట్‌లో ఆర్డరు వచ్చింది. సాయంత్రానికి ఇంకొకటి. ఇద్దరూ పూర్తి సొమ్ము కట్టేశారు. ఒకరిది నిజామాబాద్, ఇంకొకరిది విజయవాడ. "వ్రతానికి ఇదే కట్టుకుంటానని ఇంట్లో అందరికీ ఫోటో చూపించానమ్మా" అని నిజామాబాద్ ఆవిడ ఫోనులో అంటే నాకు నోట మాట రాలేదు. డబ్బు వెనక్కి పంపాను. ఆమె మళ్ళీ మా దగ్గర ఏమీ కొనలేదు.

హైదరాబాద్ కొత్తపేటలో మాది చిన్న దుకాణం. మా మామగారు పెట్టింది. ఇక్కత్ చీరలు తప్ప వేరేవి అమ్మం. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు చిటికి కట్టి రంగులు అద్దుతారు కాబట్టి, మిల్లు చీరల్లాగా ఒకే రకం వంద ఉండవు. ఒక రంగుల కూర్పులో మాకు వచ్చేది ఒకటి, మహా అయితే రెండు. వెబ్‌సైట్ చేసేవాడికి ఈ సంగతి మొదటి రోజే చెప్పాను. అతను తల ఊపాడు కూడా.

ఎవరు చేశారో పేరు రాయను. ఒక్కరి పేరు చెబితే మిగతావారంతా మంచివారేనని మీరు ధీమాగా ఉంటారు. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక వీధిలో, రెండో అంతస్తులో ఒక గది, నాలుగు కంప్యూటర్లు. అబ్బాయి మర్యాదస్తుడు, "అక్కా" తప్ప మరో పిలుపు లేదు. అప్పటికి నా చేతిలో రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి 60,000 రూపాయలకు, తొమ్మిది అంశాలు. ఇతనిది 45,000కు, నలభై రెండు అంశాలు. మీరైతే ఏది తీసుకునేవారు? నేనూ అదే తీసుకున్నాను.

ఆ జాబితాను ఇప్పుడు చదివితే నవ్వు వస్తుంది. చక్రం తిప్పితే డిస్కౌంటు, పన్నెండు దేశాల కరెన్సీలు, తనంతట తాను మాట్లాడే చాట్, పుట్టినరోజుకు పాయింట్లు. మేము హైదరాబాద్ దాటి పార్సిలు పంపడమే అప్పుడప్పుడే మొదలుపెట్టాం, నాకు డాలర్లెందుకు? ముప్పై ఒకటో అంశం అన్నిటికంటే విచిత్రం: కొనేవారి కార్డు వివరాలను మన సైటులోనే భద్రపరచడం. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, బదులుగా టోకెన్, అంటే కార్డు నంబరు స్థానంలో ఇచ్చే మారు సంకేతం, వాడాలి. అంటే ఆ జాబితా ఎప్పటిదో, ఎవరికోసం రాసిందో, పేరు మార్చి నా చేతిలో పెట్టాడు. నేను అంకెలు లెక్కపెట్టానే తప్ప అర్థం అడగలేదు.

అతను చేసింది వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్ మీద, దానికి దుకాణాన్ని జోడించే వూకామర్స్‌తో. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు, అది ఉచితంగా దొరికే మంచి వస్తువే. అందులో ప్రతి సరుకుకూ స్టాకు లెక్క చూడమని ఒక గడి ఉంటుంది. దానిలో టిక్కు పెట్టి సంఖ్య 1 అని వేస్తే, ఆన్‌లైన్‌లో ఒకరు కొనగానే సరుకు అయిపోయినట్టు చూపిస్తుంది. మా మూడు వందల చీరల్లో ఒక్కదానికీ ఆ టిక్కు లేదు. అంటే ప్రతి చీరా అక్షయపాత్రే. అడిగితే, "సరుకు లేదని కనిపిస్తే కస్టమర్ వెళ్ళిపోతాడక్కా, అందుకే తీసేశాను" అన్నాడు. టిక్కు పెట్టినా దుకాణంలో అమ్మినది సైటుకు దానంతట అది తెలియదు. బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్‌కూ సైటుకూ లంకె వేయాలి, లేదా కౌంటర్‌లో ఉన్నవారు అమ్మిన వెంటనే ఫోనులో ఆ చీరను తీసేయాలి. ఇప్పుడు మా కుర్రాడు చేస్తున్నది ఈ రెండోదే, అర నిమిషం పని. ఇంకొక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. బుట్టలో వేసుకున్నంత మాత్రాన చీర వారికోసం ఆగదు, ఆర్డరు పెట్టాకే ఆగుతుంది. ఒకే ముక్క అమ్మేవారు ఇది గుర్తు పెట్టుకోవాలి.

స్టాకు సంగతి అలా ఉంచి, ప్రతి చీర కింద ఒక ఎర్ర గడియారం పెట్టాడు. "ఈ ధర ఇంకా పది నిమిషాలే" అని సెకన్లు తగ్గుతూ ఉంటాయి. నాకూ మొదట ముచ్చటేసింది. మా పాప ఫోనులో పేజీని మళ్ళీ తెరిచి, "అమ్మా, మళ్ళీ పది నిమిషాలైందే" అనేదాకా అది ఉత్తుత్తి గడియారమని నాకు తెలియదు. ఇలా లేని తొందర పుట్టించడం కొనేవారిని మోసగించే పద్ధతుల్లో ఒకటని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటివి పదమూడు రకాలు పేర్కొన్నారు. అడగకుండా బుట్టలో అదనపు వస్తువు చేర్చడం కూడా వాటిలో ఉంది. ఫిర్యాదు వస్తే జవాబు చెప్పుకోవలసింది దుకాణం పెట్టుకున్న నేను, గడియారం పెట్టినవాడు కాదు.

రిటర్న్ నిబంధనల పేజీని వేరే ఎవరిదో సైటు నుంచి ఎత్తి పెట్టాడు. "సైజు సరిపోకపోతే బూట్లను వేసుకోకుండా ఏడు రోజుల్లో తిరిగి పంపవలెను" అని ఆరు నెలలు మా చీరల సైటులో ఉంది. చదివిన ఒక పెద్దాయన ఫోన్ చేసి, చెప్పులు కూడా అమ్ముతారా అని అడిగారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవారి పేరు, చిరునామా, రిటర్న్ షరతులు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నలభై రెండు అంశాల్లో దీనికి చోటు దొరకలేదు.

డబ్బు పోయింది జీఎస్‌టీ దగ్గర. మన రాష్ట్రంలోనే పంపితే చీర మీద 5 శాతం పన్నును కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం చూపిస్తాం. ఆంధ్రప్రదేశ్‌కు పంపితే మొత్తం ఐజీఎస్‌టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను. మా సైటు తార్నాకకూ తెనాలికీ ఒకటే బిల్లు కొట్టింది. పిన్ కోడ్ 50తో మొదలైతే చాలావరకు తెలంగాణ, 51, 52, 53 అయితే చాలావరకు ఆంధ్ర. ఆ మాత్రం తేడా తెలిసేలా పెట్టడం పెద్ద పని కాదని తర్వాత చేసినవారు చెప్పారు. మా ఆడిటర్ గారు పట్టుకునేసరికి అరవై ఒక్క బిల్లులు తప్పు. ఐజీఎస్‌టీ మళ్ళీ కట్టాలి, అప్పటికే కట్టినదానికి రీఫండు అడగాలి. ఆయన ఫీజు వేరే.

తెలుగు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని పట్టించుకోం. చీరల పేర్లు తెలుగులో కావాలని అడిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ చేసేవారి దగ్గర డీటీపీకి వాడే 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టించి, వాటిని బొమ్మలుగా మార్చి అతికించాడు. చూడటానికి చక్కగా ఉన్నాయి. కానీ బొమ్మలో ఉన్న అక్షరాలను గూగుల్ సరుకు పేరుగా పట్టుకోదు, సైటులోని వెతుకు గడిలో "పోచంపల్లి" అని కొడితే ఏమీ రాదు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా వాడే తెలుగు అక్షరాల్లో, టైపు చేస్తేనే అది వెతకగలిగే తెలుగు. పరీక్ష సులువు: పేరు మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షరాలు కాపీ అవుతున్నాయో లేదో చూడండి.

సైటు పేరు పక్కన తాళం గుర్తు తెచ్చే భద్రతా సర్టిఫికెట్ కోసం ఏడాదికి 4,500 తీసుకున్నాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇస్తుంది, మాకు పెట్టింది కూడా అదే. దొంగ సరుకు వేరే ఉంది. సంక్రాంతి ముందు ఒకావిడ వాట్సాప్‌లో ఫోటో పంపి, "మీ సైటు తెరిస్తే జూదం పేజీ వస్తోంది" అని రాశారు. నా కంప్యూటర్‌లో తెరిస్తే బాగానే ఉంది. ఫోనులో, అదీ గూగుల్ నుంచి వచ్చినవారికి మాత్రమే అలా మళ్ళించే కోడు లోపల ఉందని మా తమ్ముడి స్నేహితుడు చూసి చెప్పాడు. డబ్బు పెట్టి కొనవలసిన థీమును, అంటే సైటు రూపురేఖల మూసను, తాళం పగలగొట్టిన కాపీగా తెచ్చి పెట్టారట. అలాంటి కాపీల్లో ఇలాంటివి దూర్చి వదులుతారట. థీము కొన్న రసీదు, లైసెన్సు మన పేరున ఉందా అని అడిగితే అక్కడే తేలిపోయేది.

ఇక అసలు సంగతి. ఉగాదికి డొమైన్, అంటే సైటు చిరునామా పేరు, రెన్యువల్‌కు వచ్చింది. 18,000 అడిగాడు. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల అటూఇటూ అవుతుంది. పాస్‌వర్డ్ ఇవ్వు, నేనే కట్టుకుంటానన్నాను. అప్పుడు బయటపడింది: మా దుకాణం పేరు అతని ఖాతాలో, అతని ఈమెయిల్ మీద, అతని కంపెనీ పేరున ఉంది. వేరే చోటికి మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ కోడ్ కావాలి, అది ఆ ఖాతాలోకి వెళ్ళగలిగినవారికే దొరుకుతుంది. మా మామగారు ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాయించుకున్న పేరు. "మాట్లాడుకుందాం అక్కా" అన్నాడు. మాట్లాడుకోలేదు, వేరే పేరు కొన్నాను. పేరు కోసం న్యాయంగా పోరాడే దారి లేకపోలేదు, డాట్ ఇన్ వివాదాలకు ప్రత్యేక విధానమే ఉంది. కానీ నా దగ్గర రాసుకున్న ఒప్పందం అంటూ లేదు, దుకాణం పేరుకు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషనూ లేదు. ఉన్నది వాట్సాప్‌లో నమస్కారం బొమ్మలు మాత్రమే.

ఒక్క మేలు ఏమిటంటే పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ, మా పేరునే ఉంది. అది అతని మంచితనం కాదు. పాన్, బ్యాంకు ఖాతా చూపించి కేవైసీ పూర్తి చేయనిదే గేట్‌వే వారు ఇవ్వరు. "మీ కేవైసీ ఆలస్యమవుతుంది, అప్పటిదాకా మా ఖాతాలో వేసుకుందాం" అని ఒకసారి అన్నాడు. మా వారు ససేమిరా అన్నారు కాబట్టి బతికిపోయాం.

కాబట్టి డొమైన్ మీరే కొనండి, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో, మీ కార్డుతో. హోస్టింగ్, అంటే సైటు ఫైళ్ళు ఉండే చోటు, కూడా అంతే. చేసేవారికి వేరే లాగిన్ ఇవ్వండి, పని అయ్యాక తీసేయండి. చివరి వాయిదా సొమ్ము చేతిలో ఉంచుకుని ఒక సరుకును స్టాకు 1 అని పెట్టి రెండు ఫోన్ల నుంచి కొనడానికి ప్రయత్నించండి. విజయవాడ చిరునామాతో ఆర్డరు పెట్టి బిల్లు చూడండి. డబ్బు మీ బ్యాంకులో పడిందా, రీఫండు కొడితే తిరిగి వెళ్ళిందా చూడండి. ఆర్డరు ఎస్‌ఎంఎస్ వస్తుందని చెబితే, వ్యాపార ఎస్‌ఎంఎస్‌లు పంపేవారు నమోదు కావలసిన, టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో మీ పేరున పంపే గుర్తు, సందేశ నమూనా రిజిస్టరు చేశారా అని అడగండి. అది లేక మా మెసేజీలు ఒక్కటీ వెళ్ళలేదు.

సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని అడుగుతున్నారు. షాపిఫై లాంటి తయారు దుకాణ సాఫ్ట్‌వేర్లలో నెలనెలా అద్దె ఉంటుంది, నిర్వహణ బాధ వారిది. కానీ వారి సొంత చెల్లింపు సేవ మన దేశంలో లేదు కాబట్టి, బయటి గేట్‌వే వాడితే బేసిక్ ప్లానులో ప్రతి అమ్మకం మీద 2 శాతం అదనం. గేట్‌వే రుసుము దానికి వేరే. వూకామర్స్‌లో అద్దె లేదు, అప్‌డేట్లు, బ్యాకప్ మన మెడకు. నిజం చెప్పాలంటే మూడు వందల చీరలకు మొదటి ఏడాది నాకు ఇవేవీ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ ఉచితం, దాని కేటలాగులో 500 వస్తువులు పెట్టుకోవచ్చు. మా అమ్మకాలు ఇప్పటికీ సగానికి పైగా అక్కడి నుంచే.

పాత సైటు చిరునామా అచ్చు వేసిన కవర్లు రెండు వేలు చేయించాం. మిగిలినవాటి మీద కొత్త స్టిక్కరు అంటించి వాడుతున్నాం. ఒక్కోసారి కుర్రాడు మరిచిపోతాడు. కొత్తపేట నుంచి మీకు స్టిక్కరు లేని కవరు వస్తే దాని మీది చిరునామా తెరవకండి, డబ్బు మాత్రం అస్సలు కట్టకండి. ఆ పేజీ ఇంకా తెరుచుకుంటోంది. ఏనుగుల కొంగు ఆకుపచ్చ చీర ఇంకా అక్కడ అమ్మకానికి ఉంది, కింద గడియారం పది నిమిషాల నుంచి తగ్గుతూ.